అంచు విరిగిన కప్పు

రెండుసార్లు వేసింది. విరిగింది ఒక్కచోటే అయినా రెండుసార్లు వేసింది. ఒకసారి పైనుంచి చూసినట్టు, గుండ్రటి మూతిని ఎవరో కొరికి వదిలేసినట్టు. ఇంకోసారి పక్కనుంచి, తెల్లటి పింగాణీలో నల్లటి ముక్కోణంలా. జాలి రెండింతలు కావాలి కాబోలు మా చెల్లెలికి. బొమ్మ నా పనిబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, డాక్టరు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా. పక్కన బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మౌంటు బోర్డు, ఇనుప స్కేలు, పెన్సిలు, ఏటవాలుగా కోసే బ్లేడు. ఇంకో గంటలో మా చిన్నది వ్యాను తీసుకుని వస్తుంది. ఈలోగా నేను బోర్డులో కిటికీ కోయాలి, బొమ్మ దాని వెనక అతికించాలి, అద్దం వేసి ఫ్రేములో బిగించాలి. కిటికీ ఎప్పుడూ బొమ్మకంటే కాస్త చిన్నగానే కోస్తాం, లేకపోతే కాగితం జారిపోతుంది. ఆ కాస్త ఎంతన్నది కట్టేవాళ్ల ఇష్టం. చిటికెన వేలి గోరంత మింగొచ్చు, బొటనవేలంత మింగొచ్చు, బయటవాళ్లకి ఏం తెలుస్తుంది? మింగిన దాన్ని ఎవరూ చూడరు. కప్పు సరిగ్గా ఎడమ అంచున ఉంది. నేను పొద్దున గీసిన గీత ప్రకారం కోస్తే కప్పు చెవి ఉంటుంది, పొట్ట ఉంటుంది, విరిగిన అంచు మాత్రం రెండుచోట్లా బోర్డు కిందకి పోతుంది. అప్పుడది మామూలు కప్పు. ఎవరి ఇంట్లోనైనా ఉండే కప్పు. గీతే కదా, తుడిపేయొచ్చు. కోస్తే మాత్రం కోసినట్టే.

పోయిన వారం దీన్ని తెచ్చినప్పుడు బొమ్మల ప్రదర్శన నడిపే పెద్దమనిషిని కూడా వెంటేసుకుని వచ్చింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, బొమ్మ మీదకి వంగి, "ఏం పేరు పెట్టారమ్మా దీనికి?" అన్నాడు. "నా కప్పు" అంది మా చిన్నది. "ఇంట్లో అన్నీ మంచి కప్పులేనండీ. ఒక్కటే విరిగింది. అది నా వాటాకి వచ్చింది." నవ్వుతూనే అంది. నవ్వుతూ అంటే ఎదుటివాళ్లకి ఎక్కువ గుచ్చుకుంటుందని దానికి చిన్నప్పుడే తెలుసు. ఆయన "అయ్యో" అని నా వైపు చూశాడు. నిజమేనా అన్నట్టు చూశాడో, ఆ కప్పు ఈ పిల్ల చేతిలో పెట్టింది నువ్వేనా అన్నట్టు చూశాడో. నేను ఫ్రేము చెక్కల నమూనాలు సర్దుకుంటూ ఉండిపోయాను. వాళ్లు వెళ్లాక అవన్నీ మళ్లీ కలిపేసి మళ్లీ సర్దాను. ఏమనాలి? అయ్యా, ఆ విరిగిన కప్పు నాది, దీనిది కాదు, అనాలా? యాభై దాటిన ఆడమనిషి దుకాణంలో నిలబడి, పరాయి మనిషితో, నాకే అన్యాయం జరిగింది, దానికి కాదు అని తగువు పడుతుందా? మంచి గాజుల కోసం పోట్లాడుకునే అక్కచెల్లెళ్లని చూశాను, అమ్మ చీర కోసం పోట్లాడుకునే వాళ్లని చూశాను. విరిగిన కప్పు కోసం పోట్లాడుకునే వాళ్లు ఎక్కడైనా ఉన్నారా? ఉన్నారు. ఇదిగో ఇక్కడ ఒకతి, చేతిలో బ్లేడు పట్టుకుని కూచుంది.

లోపలి గదిలో అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. గింజలు స్టీలు గిన్నెలో పడుతున్న చప్పుడు, ముందు గలగలమని, గిన్నె నిండేకొద్దీ మెత్తగా. కాయ విప్పడం ఆగింది. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను, అడిగింది. "చిన్నది వచ్చిందా?" "రాలేదమ్మా. వస్తే నీకు తెలియకుండా వస్తుందా? వీధి చివర్నుంచే దాని గొంతు వినిపిస్తుంది." మళ్లీ గింజలు. పొద్దున్నించి ఎన్నిసార్లు అడిగిందో. నా ఇంట్లో ఉంటుంది, నేను ఉతికిన దుప్పటి కప్పుకుంటుంది, నేను కంట్లో చుక్కల మందు వేయబోతే కళ్లు మూసుకుని చంటిపిల్లలా మొహం పైకెత్తుతుంది. "పెద్దది వచ్చిందా" అని ఎవరినీ అడగాల్సిన పని లేదు, పెద్దది ఎక్కడికి పోయింది గనక రావడానికి. ఎప్పుడూ ఉండేవాళ్లని ఎవరు అడుగుతారు? గోడని అడుగుతారా, వచ్చావా అని? పొద్దున మా ఆయన చాయ్ గ్లాసుతో వచ్చి ఈ బొమ్మని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసి, "ఇదేమిటోయ్, లారీలోంచి పడిందా? దీన్ని ఫ్రేము కడుతున్నావా, అతుకుతున్నావా?" అన్నాడు. మామూలు రోజయితే నవ్వేదాన్ని కాదు. ఇవాళ మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను, అవసరానికి మించి నవ్వాను. ఆయనే హడలిపోయి, "ఊరికే అన్నానే, మీ చెల్లెలితో చెప్పకు" అంటూ జారుకున్నాడు.

లారీలోంచి పడలేదు. నాకు తెలుసు. ప్రతి ముక్కా నాకు తెలుసు, అదే నా బాధ. ఆ పసుపు చెక్క నిమ్మకాయ. ఆ మూడు గోధుమరంగు పలకలు రొట్టె, ఒకటి కోసిన వైపు, ఒకటి పైపెంకు, ఒకటి బల్ల మీద రాలిన పొడి. సగం నీలం సగం బూడిదరంగులో నిలువుగా చీలినది పాలజగ్గు. దాని ముక్కు ఇటువైపు తిరిగి ఉంది, పిడి కూడా ఇటువైపే తిరిగి ఉంది, అలాంటి జగ్గుతో పాలు పోస్తే పోసేవాళ్ల ఒళ్లోనే పడతాయి. పెంకు తీసిన గుడ్డు, చాకు, చెంచా, అమ్మ ఉప్పు పోసుకునే రేకు డబ్బా మూత. బల్ల కూడా మా బల్లే. గోడకి ఆనించి నిలబెట్టినట్టు ఎదురుగా లేచి ఉంది గానీ, ఆ చెక్కలో గుడ్డులాంటి ముడి మాదే, తడిగుడ్డతో తుడిచేటప్పుడు నా వేలు అక్కడ ఆగేది. ఇలా అన్ని వైపుల్నించీ ఒకేసారి చూడడాన్ని క్యూబిజం అంటారని చిన్నది చాలాసార్లు చెప్పింది. మనిషి ఒక్కచోట కూచుంటే వస్తువు ఒక వైపే కనిపిస్తుంది అక్కా, లేచి చుట్టూ తిరిగితే కదా మొత్తం తెలిసేది, అంటుంది. అదే నేనూ అంటున్నాను. ఆ బల్ల చుట్టూ తిరిగిందెవరు? కూచున్నదెవరు? నాన్న ఒక వైపు, చిన్నది ఒక వైపు, దాని గడ్డం బల్ల అంచుకి తగిలేంత ఎత్తు అప్పటికి. వడ్డించింది అమ్మ, అమ్మ వెనక నేను. కప్పు మూతి పైనుంచి గుండ్రంగా ఎలా ఉంటుందో, అంచు మీద కొరికిన చోటు ఎలా కనిపిస్తుందో నిలబడి పాలు పోసినవాళ్లకి తెలుస్తుంది గానీ, కుర్చీలో కాళ్లూపుకుంటూ కూచున్న పిల్లకి ఎలా తెలుస్తుంది? దొంగ. నా కళ్లు కూడా ఎత్తుకుపోయింది.

కుంచె ఒకదానికి, కంచం ఒకదానికి, అనేవాడు నాన్న, చిన్నది మొదటిసారి రంగులపెట్టె తెచ్చుకున్న రోజు నుంచి. గుణింతం తేడా అంతేనే, అని నా జడ లాగేవాడు. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని, చేతిలో నిజంగానే కంచం ఉండేది. అప్పుడు ఏడవలేదు. మీగడ విషయంలో కూడా ఏడవలేదు. చిన్నదానికి ఆ ఏడాది జ్వరం వచ్చి తగ్గింది, పాలమీద మీగడంతా చెంచాతో తీసి దాని కప్పులో వేసేది అమ్మ, చెంచా అంచున మిగిలింది కూడా వేలితో తుడిచి మరీ. జ్వరం తగ్గిన మరుసటేడు కూడా వేసింది. ఆ మరుసటేడు కూడా. నేను ఓర్చుకున్నాను. దాని బొమ్మకి బడిలో మొదటి బహుమతి వచ్చినప్పుడు ఓర్చుకున్నాను. దానికి పేరొచ్చి, దాని బొమ్మలకి నేను ఫ్రేములు కడుతుంటే, "ఆవిడ మీ చెల్లెలా? పోలికే లేదే" అని గిరాకీలు అంటే ఓర్చుకున్నాను. మంచివన్నీ దానికి పోయినా నాకు ఒక్కటి మిగిలింది, నాకు తక్కువైందన్న మాట. అది నా సొంతం. ఎప్పుడైనా మనసు బాగోలేనప్పుడు లోపలికి వెళ్లి, దాన్ని తీసి చూసుకుని, మళ్లీ జాగ్రత్తగా పెట్టుకుంటాను. ఇప్పుడది కూడా కావాలట దీనికి. మీగడ దానిదే, విరిగిన కప్పూ దానిదేనా? అన్యాయం చేయించుకున్నది కూడా అదేనా? మరి నేనెవరిని?

నాలుకతో పై పెదవి లోపలివైపు తడుముకున్నాను. ఉంది. గోధుమగింజంత గట్టిగా, కుడివైపున. ఎవరికీ కనిపించదు, మా ఆయనకి కూడా పెళ్లయిన ఎన్నాళ్లకో చెబితే తెలిసింది. కప్పు అంచు కోసిన గాటు. రక్తం గడ్డం మీదుగా కారి గౌను మీద పడింది, చిన్నది నాకంటే ముందే ఏడుపు అందుకుంది, అమ్మ గుక్కెడు చన్నీళ్లు నా నోట్లో పోసి, ఉమ్మమ్మా ఉమ్ము అంటూ వీపు మీద చరిచింది. నా దగ్గర సాక్ష్యం ఉందండీ, అనాల్సింది ఆ పెద్దమనిషితో. పెదవి మడిచి చూపించాల్సింది. దాని పెదవి చూడండి, గులాబీరేకులా ఎంత నున్నగా ఉందో. రోజూ విరిగిన కప్పుతో తాగిన పెదవేనా అది? ఇలా అనుకుంటూ ఉంటే ఒళ్లు మండిపోయింది. బోర్డు బోర్లా తిప్పాను. మౌంటు వెనకవైపు నుంచి కోస్తాం, అందుకని ఎడమ అంచు కుడిచేతి వైపుకి వస్తుంది; ఇన్నేళ్ల అలవాటు, అయినా ఇవాళ ఒక్క క్షణం ఏ వైపు ఏదో తెలియలేదు. ఎడమవైపు అంత మింగితే కుడివైపు కూడా అంతే మింగాలి, లేకపోతే బొమ్మ ఒరిగిపోయినట్టుంటుంది. కుడివైపు పోయేది ఏముంది, పెద్దగా ఏమీ లేదు. గుడ్డ అంచో ఏమిటో, దేనికీ అంటుకోకుండా ఒంటరిగా వంపు తిరిగిన ఒక ఆకుపచ్చ గీత. పోతే పోనీ. స్కేలు ఆనించాను. బ్లేడు మొన దిగబోతోంది.

"ఇంకా కట్టలేదా?" అమ్మ బఠాణీల గిన్నె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఉలిక్కిపడ్డాను, బ్లేడు బోర్డు మీద ఉత్తిగానే ఒక గీరు గీరింది, లోతు లేదు. "చేతిలో బ్లేడున్నప్పుడు అలా వెనకనుంచి పలకరిస్తారా ఎవరైనా?" అన్నాను. "వెనకనుంచేమిటే, నీ మొహం ఇటే ఉందిగా. నువ్వే ఎక్కడో ఉన్నావు." దగ్గరికి వచ్చింది. గిన్నె బల్ల మీద, బొమ్మ పక్కనే పెట్టింది. నేను గిన్నె తీసి కింద పెట్టాను. కళ్లజోడు సర్దుకుని వంగింది, కాసేపు చూసింది, తల ఇటు తిప్పి, అటు తిప్పి, తప్పిపోయిన మేకపిల్లని మందలో వెతుక్కునేదానిలా. ఆ తరువాత చూపుడువేలు సరిగ్గా ఎడమ అంచు మీద పెట్టి, "ఇదిగో, నా కప్పు" అంది.

"నీ కప్పేమిటమ్మా? అది నాది" అన్నాను. అనకూడదనుకున్న మాట, అంత తేలిగ్గా వచ్చేసింది.

"నీదెక్కడిదే? నీది ఆకుపచ్చ గీతది. చిన్నదానిది చిలకబొమ్మది. ఆ విరిగింది నాది. మిమ్మల్ని ముట్టుకోనిచ్చేదాన్నా?"

"మరి నా పెదవి కోసుకుపోయింది కదా దాంతోనే."

అమ్మ నవ్వింది. నోటికి అడ్డంగా కొంగు పెట్టుకుని నవ్వింది. "నీ కుళ్లు వల్లే కోసుకుంది. ఎప్పుడూ నా కప్పు వంకే చూసేదానివి. చిన్నదానికి మీగడ వేస్తే నా కప్పులోకి చూసేదానివి, అందులో నాకోసం ఏదో దాచుకుంటున్నాననుకుని. నేను అటు తిరగ్గానే లాక్కుని గటగటా తాగేశావు. అదీ సరిగ్గా ఆ అంచునుంచే. నేను ఎప్పుడూ అటువైపు తాగేదాన్ని కాదు, ఎడంచేత్తో పట్టుకుని ఇటువైపు నుంచి తాగేదాన్ని."

"అందులో ఏముండేది?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ఏముంటుంది? పాలగిన్నె కడిగిన నీళ్లు. కాస్త చక్కెర వేసుకుంటే పాలలాగే ఉండేవి" అంది అమ్మ, వంట గురించి చెబుతున్నట్టు. వంగి గిన్నె తీసుకుని, రాలిన ఒక గింజని కాలితో బల్ల కిందనుంచి ఇవతలికి లాగి, దాన్ని కూడా గిన్నెలో వేసుకుంది. "చిన్నది వస్తే కేకెయ్యి" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆకుపచ్చ గీత. నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా ముందు ఏమీ రాలేదు, ఆ తరువాత నెమ్మదిగా, మసక అద్దం తుడిచినట్టు, మూతికి కొంచెం దిగువన చుట్టూ తిరిగే సన్నటి గీత, పాలు తాగుతూ తాగుతూ ఆ గీత దాకా వచ్చాక ఆగేదాన్ని, ఇంకా చాలా ఉన్నాయని సంతోషపడేదాన్ని. నిండా ఉన్న కప్పు. ఎక్కడా విరగని కప్పు. దాన్ని ఎక్కడ పారేశాను? విరిగినదాన్ని ఇన్నేళ్లు లోపల దాచుకుని, బాగున్నదాన్ని ఎప్పుడు వదిలేశాను? బొమ్మ వంక చూశాను. కుడివైపు అంచున, దేనికీ అంటుకోకుండా, వంపు తిరిగిన గీత. గుడ్డ అంచు కాదు. చిలకబొమ్మ కోసం వెతికాను, లేదు. చిన్నది తన కప్పు వేసుకోలేదు. నాది వేసింది. కప్పు మొత్తం కాదులే, ఒక్క గీత, అంతే. గీతే వేసినందుకు ఒక పక్క కోపం, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకున్నందుకు ఒక పక్క ఏదో, దానికి పేరు తెలియదు. నాకే గుర్తు లేనిది దానికెలా గుర్తుంది? ఇందులో కూడా అదే ముందా? రబ్బరు తీసుకుని రెండువైపులా గీతలు తుడిపేశాను. కాగితం ఆగేంత, గోరంత, అంతకంటే మింగకుండా కొత్త గీతలు గీశాను. బ్లేడు దించి లాగాను. మంచి బోర్డు ఏటవాలుగా తెగేటప్పుడు చప్పుడు చేయదు, చేతికి తెలుస్తుందంతే. నాలుగు వైపులా తెగాక మధ్య ముక్క దానంతటదే ఊడి పడింది. తిప్పి బొమ్మ మీద పెట్టాను. విరిగిన అంచు బయటే ఉంది, రెండూ. గీత బయటే ఉంది.

అద్దం తుడిచి, ఫ్రేము బిగించి, వెనక టేపు వేస్తుండగా వీధి చివర్నుంచే గొంతు వినిపించింది. వ్యాను నడిపేవాడితో ఏదో బేరం, నవ్వు, "అక్కా, అయిందా, బావ ఏమన్నాడు, బొమ్మ తలకిందులుగా కట్టావేమో అన్నాడా?" అంటూ లోపలికి వచ్చింది, చెప్పులు ఒకటి ఇటు ఒకటి అటు. గిన్నె కింద పడేసినంత పని చేస్తూ అమ్మ వచ్చింది. "ఎండలో పడి వచ్చావా తల్లీ, మొహం చూడు ఎలా వాడిపోయిందో." ఎండ ఎక్కడుంది, బయట మబ్బు పట్టి ఉంది. నేను టేపు మీద బొటనవేలు నొక్కుతూ నిలబడ్డాను. చిన్నది బొమ్మని నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "చూడమ్మా. ఇదిగో, నా కప్పు. గుర్తుందా? నాకిచ్చేదానివి కదా."

ఇప్పుడు అమ్మ చెబుతుంది. ఇప్పుడు వేలు పెట్టి చూపించి నవ్వుతుంది, నీదెక్కడిదే అంటుంది, చిలకబొమ్మది మర్చిపోయావా అంటుంది. చిన్నదాని మొహం ఎలా మారుతుందో చూడాలని టేపు వదిలేసి అటు తిరిగాను. అమ్మ కళ్లజోడు సర్దుకుంది. వంగి చూసింది, ఇందాక చూసినంతసేపూ చూసింది. "గుర్తులేకేం. నీదే తల్లీ" అంది.

ఇచ్చేసింది. మీగడ ఇచ్చినట్టే, వేలితో తుడిచి మరీ, తన కప్పు కూడా ఇచ్చేసింది. నిజం చెప్పమ్మా అని అరుద్దామనుకున్నాను, నోరు కూడా తెరిచాను. అప్పుడు అమ్మ చిన్నదాని భుజం మీదుగా నా వైపు చూసింది. ఒక్క చూపు. కనుబొమ్మ కూడా కదల్లేదు. అయినా నాకు తెలిసింది: పాలగిన్నె కడిగిన నీళ్ల సంగతి నాకొక్కదానికే చెప్పింది, దానికి చెప్పలేదు, చెప్పదు. అమ్మ ఆ కప్పుని ఎడంచేత్తో పట్టుకునేదని దానికి తెలియదు. నోరు మూసుకున్నాను. నాలుక దానంతటదే పెదవి లోపలికి వెళ్లి ఆ గింజ మీద ఆగింది. బొమ్మ ఎత్తి చిన్నదాని చేతుల్లో పెట్టాను, చెక్క బరువు దానికి అలవాటు లేదు, కొంచెం తూలింది, నేను కింద చెయ్యి వేసి ఆపాను.

"ఎడమవైపు పట్టుకునేటప్పుడు చూసుకోవే. ఆ కప్పు అంచు కోస్తుంది" అన్నాను.

"అద్దం ఉంది కదక్కా, బొమ్మలో కప్పు ఎలా కోస్తుంది?" అని నవ్వింది చిన్నది.